జంట రాకెట్లు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యీయవలసినదని సంపాదకులు కోరినప్పుడు మేము చాల సందేహించితిమి. మా తోడి యుపాధ్యాయులు విద్యను గూర్చియు, సత్ప్రవర్తనమును గూర్చియు, దూరయాత్రలను గూర్చియు వ్రాయగల సమర్థులు. మాకు చేతితో తెలిసిన పని యొక్కటియే: టెన్నిసు రాకెట్టునకు తీగలు కట్టుట. ఇది వ్యాసమునకు తగిన విషయమా యని చదువరులు నవ్వవచ్చును. కాని పదియేండ్లకు పైగా ఈ పని చేయుటలో మేము నేర్చుకొన్న సంగతి యొకటియు, చేసిన తప్పొకటియు కలవు. ఆ రెంటిని దాచక చెప్పుటకే కలము పట్టితిమి.

దూరప్రదేశముల నుండు తల్లిదండ్రుల కొఱకు మన టైడాను గూర్చి రెండు మాటలు. కొత్తవలస–కిరండూలు రైలుమార్గముపై శివలింగపురము దాటిన పిదప, చిమిడిపల్లికి ముందు వచ్చు చిన్న స్టేషను ఇది. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960 దశాబ్దిలో ఈ మార్గము నిర్మింపబడినది. అనంతగిరి మండలమునకు చెందిన మేము 2022 ఏప్రిలు నుండి అల్లూరి సీతారామరాజు జిల్లావారమైతిమి. చుట్టును కొండలే. జూను మాసము మొదలు మబ్బులు తరగతిగదులలోనికే వచ్చి కూర్చుండును. ఇట్టిచోట చదునైన నేల దొరకుటయే యరుదు. దొరికిన యొక చదునులో ఎఱ్ఱమట్టి పఱచి, వల కట్టి, మన బాలురును బాలికలును టెన్నిసు ఆడుచుందురు. ఇనుపరాతి బండ్లు పోవునప్పుడు ఆట కొంతసేపు ఆగును. బండిపెట్టెలను లెక్కపెట్టుట ముగిసిన తరువాత మరల సాగును.

ఆటస్థలము కుదిరినను తీగలు కట్టువారు లేకపోయిరి. తీగ తెగిన రాకెట్టును విశాఖపట్టణమునకు పంపవలెను. అది తిరిగి వచ్చుసరికి రెండు వారములు గడచును. ఈ బాధ పడలేక 2014 వ సంవత్సరమున పాఠశాలకు చేతితో పనిచేయు చిన్న యంత్రము నొకదానిని తెప్పించితిమి. దానిలో పొడవైన యినుపకడ్డీయు, కడ్డీపై జరుపుటకు వీలైన యొక బరువును ఉండును. తీగ కొనను పట్టులో బిగించి కడ్డీని వదలినచో బరువు క్రిందికి దిగుచు తీగను లాగును. కడ్డీ నేలకు సమముగా నిలిచినప్పుడు తీగపై మనము కోరిన బిగువు పడినదని యర్థము. బరువును కొనవైపునకు జరిపినకొలది లాగుడు హెచ్చును. తూనికకోల యెఱిగిన వారికి ఇది సులభముగ బోధపడును. భౌతికశాస్త్రము చెప్పువారము గనుక ఈ పని మాకే అప్పగింపబడెను.

మన ఆటగాండ్రు తీగ కట్టుటను నేటికిని 'గట్టింగు' అందురు. ఆ మాటకు మూలము ప్రేగు అని యర్థమిచ్చు ఇంగ్లీషుపదము. పూర్వము ఈ తీగలు పశువుల ప్రేగులతోనే చేయబడుచుండెను. ఫ్రాన్సు దేశములో బాబొలా వారు 1875 లోనే టెన్నిసు కొఱకు ఇట్టి తీగలు చేసిరి. ఇప్పుడు పాఠశాలల రాకెట్లకు కట్టునవి నైలానును పాలిస్టరును. పదార్థము మాఱినను పేరు మాఱలేదు.

రాకెట్టు తలలో ఏమి జరుగుచున్నదో తెలియుటకు నులక మంచమును తలచుకొనుడు. మా చిన్నతనములో ఇంట కుక్కిమంచము బిగించు నాడు పిల్లల కందఱకు పండుగ. త్రాడు నొక్కొక్క వరుసగా లాగి, కాలితో తన్నిపట్టి, రెండు ప్రక్కలను సమముగ బిగింపవలెను. ఒకమూలనుండియే తొందరగా లాగుకొని వచ్చినచో పట్టెలు ఈడ్చుకొనిపోయి, నాలుగుకోళ్ళలో నొకటి నేలకు అంటక లేచిపోవును. త్రాడు మంచిదే, పట్టెలును మంచివే. చెడినది లాగిన వరుస మాత్రమే. ఆ మంచముపై పడుకొన్న వానికి రాత్రియంతయు టక్కుటక్కుమను చప్పుడు తప్పదు.

రాకెట్టు తలయు ఇట్టి మంచమే. పిడినుండి తలవైపునకు పోవు నిలువుతీగలు సాధారణముగ పదునాఱు. వాని కడ్డముగ అల్లునవి పందొమ్మిది వఱకు నుండును. ఒక్కొక్క నిలువుతీగను 24 కిలోల బిగువుతో లాగినచో పదునాఱు తీగలును కలసి చట్రము మీద వేయు భారము 384 కిలోలు. ఇంత బలము తల కొనను పిడివైపునకు లాగుటచే చట్రము పొడవున కుఱుచయై వెడల్పున ఉబ్బుటకు చూచును. చేతులతో రబ్బరుకడియము నొక్కిన విధమే ఇది. పిదప అడ్డతీగలు వచ్చి ప్రక్కలను లోపలికి లాగి ఆ యుబ్బును సరిచేయును. నిలువు అడ్డముల రెంటి లాగుడు పొసగినప్పుడే చట్రము తన పుట్టు ఆకారములో నిలుచును. పొసగనప్పుడు, ఏ లాగుడు హెచ్చైనదో దానివైపునకే మొగ్గును. ఇది మేము చాల కాలము పుస్తకములో చదివి, పిల్లలకు చెప్పి, మా పనిలో మాత్రము మఱచిన సంగతి.

ఇక కథకు వత్తుము. 2016 లో ఒక పూర్వవిద్యార్థి ఒకే రకపు కార్బను రాకెట్లు రెండింటిని పాఠశాలకు బహూకరించెను. ఒకే అచ్చులో పోసినవి. రంగులోను బరువులోను కవలలే. వానిలో నొకదాని పిడి పిల్లల చేతులకు నచ్చినది కాబోలు, దానినే యందఱు వాడుచు వచ్చిరి. రెండవది చాలవఱకు సంచిలోనే నుండెను. ఏడేండ్లలో మొదటిదానికి ముప్పది పర్యాయములకు పైగా తీగలు కట్టితిమి. రెండవదానికి నాలుగు సార్లు మాత్రమే.

2023 లో తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక కొండదొర బాలుడు ఆ మొదటి రాకెట్టుతో మిక్కిలి చక్కగ ఆడుచుండెను. మన స్టేషనునకు పైనున్న పల్లెనుండి నడచి వచ్చువాడు; మాట తక్కువ. ఒకనాటి సాయంకాలము రెండు రాకెట్లను ఒకదానిపై నొకటి ఉంచి మా యొద్దకు తెచ్చి, "మాస్టారూ, దీని మొగం మారిపోయిందండి" అనెను. మేము తలయెత్తియైన చూడక, "కన్ను మోసగించును. రెండును ఒకే అచ్చులోనివి. పోయి ఆడుకొనుము" అంటిమి. వాడు మాఱుమాట యాడక వెడలిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. పరిశీలించి చూడుమని ప్రతిదినము తరగతిలో చెప్పు మేమే, పరిశీలించి తెచ్చిన వానిని చూడకయే పంపివేసితిమి గదా! తెల్లవాఱిన వెంటనే ఆటవస్తువుల గది తెఱచి రెండు రాకెట్లను కాగితముపై పెట్టి, పెన్సిలుతో చుట్టును గీచితిమి. గీతలు కలియలేదు. అరుదుగ వాడినదాని తల లోపలి కొలత పొడవున 33 సెంటీమీటర్లు, వెడల్పున 25 సెంటీమీటర్లు ఉండెను. ఎక్కువగ వాడినది 4 మిల్లీమీటర్లు వెడల్పు హెచ్చి, 3 మిల్లీమీటర్లు పొడవు తగ్గియుండెను. బాలుని కన్ను మోసపోలేదు. మోసపోయినది మా గర్వమే.

పిదప ఆ తీగలను కోసివేసి మరల కొలిచితిమి. ఇచ్చట మేమెన్నడు నెఱుగని యొక విశేషము కనబడెను. తీగలు పోగానే చట్రము చాలవఱకు తన పూర్వాకారమునకు వచ్చెను; కాని పూర్తిగ రాలేదు. వెడల్పున ఒక మిల్లీమీటరు మిగిలిపోయెను. దీనినిబట్టి రాకెట్టు ఆకారములో కలుగు మార్పు రెండు విధములని తెలిసికొంటిమి. ఒకటి తీగలున్నంత కాలమే యుండునది. అది ఆనాటి కట్టులోని తప్పు. రెండవది తీగలు పోయినను పోనిది. అది యేండ్ల తరబడి చేరిన తప్పుల మొత్తము. మొదటిది అప్పు వంటిది, తీర్చిన పోవును. రెండవది మచ్చ.

ఆ మచ్చ ఎట్లు పడినదని మా పనిని మేమే విచారించుకొంటిమి. దోషములు మూడు బయటపడెను. మొదటిది: పోటీల ముందటి రాత్రులందు నిలువుతీగలు కట్టి, కరెంటు పోయినదనియో నిద్ర వచ్చినదనియో, అడ్డతీగలను మఱునాటికి వదలుచుంటిమి. ఆ రాత్రియంతయు 384 కిలోల లాగుడును ఒకే దిశలో చట్రము మోయవలసి వచ్చెను. రెండవది: అడ్డతీగలను నిలువుతీగల క్రిందుగను మీదుగను అల్లునప్పుడు ఒరపిడి వలన బిగువు కొంత తగ్గును, వ్రేళ్ళు నొచ్చుచున్నవని మేము దానిని మఱికొంత తగ్గించితిమి. అందుచే ఉబ్బిన ప్రక్కలు ఉబ్బియే నిలిచెను. మూడవది: ఒక తీగ తెగినప్పుడు మిగిలినవానిని వెంటనే తీసివేయక వారముల తరబడి మేకుకు తగిలించి యుంచితిమి. ఒకవైపు బిగువు పోయి ఒకవైపు నిలిచిన చట్రము ఎట్లుండునో మంచము కథ చెప్పిన మాకు తెలియకపోలేదు, తోచలేదు.

ఇంతవఱకు చేసినది అజాగ్రత్త. ఇక చేసినది తప్పు. మండలపోటీలు రెండు దినములలో నుండెను. బాలునితో "నీవు చెప్పినదే నిజము" అని యొప్పుకొనుటకు మాకు మొగము చెల్లలేదు. అడ్డతీగలను మామూలుకంటె గట్టిగ లాగినచో ఆ మిగిలిన మిల్లీమీటరు కూడ లోపలికి వచ్చునని యెంచి, ఎవ్వరితోను చెప్పక ఒంటరిగ యంత్రము ముందు కూర్చుంటిమి. పదునొకండవ అడ్డతీగను లాగుచుండగా సన్నని చప్పుడొకటి వినబడెను. ఎండుపుల్ల విఱిగినంత చప్పుడు మాత్రమే. నేలకు తగిలి పూర్వమే చెక్కుపోయిన యొకచోట, చట్రపు భుజమున, వెంట్రుక వంటి పగులు కనబడెను. అది యింక ఆటకు పనికిరాదు.

మఱునాడు బాలుని పిలిచి జరిగినదంతయు చెప్పితిమి. వాడు ఆ పగులుపై వ్రేలు పెట్టి చూచి, "రెండోది ఉంది కదండి" అనెను. అంతియే. వాడు ఆ రెండవ రాకెట్టుతో పోటీకి పోయి ఒక ఆట గెలిచి, మఱియొకటి ఓడి వచ్చెను. చేతికి అలవాటు లేని రాకెట్టు గనుక ఓడెననియు చెప్పవచ్చును. ఎదుటివాడు మేలైన ఆటగాడనియు చెప్పవచ్చును. వాడు రెండును చెప్పలేదు. తిరిగి వచ్చిన వారమునకు మాత్రము మా గది గుమ్మములో నిలిచి, "నాకు కట్టడం నేర్పండి మాస్టారూ" అని యడిగెను.

నేర్పుచున్న దినములలో నొక ఆదివారమున వాని యింటికి పోయితిమి. వాని తాత ఆ పల్లెలో పెద్దవాడు. గోడమీద వెదురువిల్లు ఒకటి వ్రేలాడుచుండెను; దాని అల్లె కూడ వెదురుచీలికయే. అల్లె ఒకకొననుండి విప్పబడి దబ్బకు చుట్టియుండెను. ఎందుకట్లు విప్పినారని యడుగగా ఆయన నవ్వి, "పనైపోయాక అల్లె దించీయాల బాబూ. ఎక్కుపెట్టి ఉంచితే విల్లు మెత్తబడిపోద్ది, వంపు ఉండిపోద్ది. వానలో అయితే మరీను" అనెను. మేము చదివిన శాస్త్రమంతయు ఆ మూడు మాటలలో నుండెను. కఱ్ఱగాని వెదురుగాని బరువును ఎడతెగక మోయుచున్నచో నెమ్మదిగ సాగి, ఆ వంపునే తన యాకారముగ చేసికొనును. తేమ తగిలినచో మఱింత త్వరగ సాగును.

ఆ మాట వినినప్పుడు మా ఆటవస్తువుల గదిలో గోడకు వ్రేలాడుచున్న పాత కఱ్ఱరాకెట్టు జ్ఞప్తికి వచ్చెను. ఎండిన ఆకువలె మెలిపడిన ఆ రాకెట్టును చూచి పిల్లలు నవ్వుదురు. పూర్వమట్టివానిని నాలుగు మూలల మరలుగల చెక్కబిగింపులో పెట్టి కాపాడెడివారు. తీగ లాగుడును, మన వానకాలపు తేమయు కలసి చట్రమును మెలిపెట్టకుండ ఉండుటకే ఆ బిగింపు. 1924 లో పారిసు ఒలింపిక్కు క్రీడలలో భారతదేశము తరఫున ఆడిన హైదరాబాదు క్రీడాకారుడు సయ్యదు మహమ్మదు హాదీ కాలమున రాకెట్లన్నియు కఱ్ఱవే. మన దేశమునకు వచ్చునవి కొన్ని విదేశములనుండి వచ్చుచుండెను. కొన్ని సియాల్‌కోటు పనివారు చేసినవి. 1947 విభజన తరువాత ఆ పనివారిలో అనేకులు జలంధరునకు తరలివచ్చిరి. 1960 దశాబ్దిలో లోహపు చట్రములును, తరువాత కార్బను చట్రములును వచ్చెను. 1980 దశాబ్దిలో కఱ్ఱ రాకెట్లు పెద్దపోటీలనుండి తొలగిపోయెను. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2015 లో వింబుల్డను మహిళల జంట పోటీని గెలిచినది కార్బను కాలములోనే.

కార్బను కఱ్ఱవలె సాగదు. సన్నని కార్బను పోగులను జిగురుతో అచ్చులో బిగించి చేసిన చట్రము సామాన్యమైన వేడిమిలో తన యాకారమును బాగుగ నిలుపుకొనును. కాని ప్రతిసారి తీగ కట్టుట దానిని ఒకసారి వంచుటయే. కోయుట మఱియొకసారి వదలుటయే. ఈ వంపులవలన జిగురులో కంటికి కానరాని చీలికలు పుట్టి మెల్లగ పెరుగవచ్చును. వానిని పెంచునది కట్టిన లెక్కకంటె కట్టిన తీరు. సమముగ లాగి సమముగ వదలిన రాకెట్టు చాల కాలము నిలుచును. మా జంట రాకెట్లలో రెండవది నేటికిని ఆటలో నున్నది; దానికి 2023 తరువాత పదునాఱు సార్లు తీగలు కట్టితిమి; గీత మాఱలేదు.

ఇప్పుడు మా గదిలో పాటింపబడు పద్ధతిని, ఇతర పాఠశాలల వారికి ఉపయోగించునని, ఇచ్చట చెప్పుచున్నాము. తీగ కట్టకముందు చట్రమును కాగితముపై గీచి, పొడవు వెడల్పులను పుస్తకములో వ్రాయుదుము. కట్టిన తరువాత మరల కొలుతుము. రెండు కొలతలకు నడుమ రెండు మిల్లీమీటర్లకు మించి భేదమున్నచో ఆ కట్టు తప్పని యెంచి విప్పుదుము. నిలువుతీగలను నడుమనుండి మొదలిడి ఎడమ యొకటి, కుడి యొకటిగా లాగుదుము. ఒకప్రక్క రెండింటికంటె ముందుకు పోనీయము. అడ్డతీగలను తలకొననుండి మొదలిడి పిడివైపునకు దింపుదుము. ఏలయన పిడిదగ్గర చట్రము బలమైనది, మిగిలిన యీడ్పును అది యోర్చుకొనును. మొదలుపెట్టిన రాకెట్టును ఆ కూర్చుండుటలోనే ముగింతుము; ముగింప వేళ లేనిచో మొదలే పెట్టము. తీగ తెగినచో ఆనాడే మిగిలినవానినన్నిటిని నడుమనుండి బయటికి, నిలువొకటి అడ్డమొకటిగా కోసివేయుదుము. ఎండలో నిలిపిన బండిలో రాకెట్టును వదలము. అధికమైన వేడికి జిగురు మెత్తబడును.

ఈ నియమములను పుస్తకపు మొదటిపుటలో వ్రాసినది మేము కాదు. ఆ బాలుడు తన చేతివ్రాతతో వ్రాసెను. అతడిప్పుడు పై చదువునకై మనలను విడిచి పోయినను, తాను నేర్పిన ముగ్గురు చిన్నవారు పని చేయుచున్నారు. వారు తెచ్చిన కొలతలను మేము స్వయముగ చూడక "కన్ను మోసగించును" అనుట మానితిమి. పగిలిన రాకెట్టును పారవేయలేదు. తీగలు లేని దాని ఖాళీ తలను యంత్రమునకు పైన, గోడకు తగిలించితిమి. క్రొత్తగ నేర్చుకొనవచ్చిన పిల్లలు అది యెందుకని అడుగుదురు. అడిగినప్పుడు ఈ కథ చెప్పుదుము. అడుగని వారికొఱకు ఇక్కడ వ్రాసితిమి.